బొమ్మ ఆగిపోతే పెట్టెను తిట్టకండి

ఈ శీర్షికకు ఈ మధ్య వచ్చిన జాబులలో మూడు ఒకే సంగతిని గురించినవి. చిక్కబళ్ళాపురం నుంచి ఒక సోదరి వ్రాశారు: కుమార్తె పెళ్ళి వీడియో పెట్టుకొంటే, తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి పెళ్ళికూతురి ముఖం మీద ఆకుపచ్చ గళ్ళు పడుతున్నాయట. బాగేపల్లి నుంచి ఒక పెద్దాయన వ్రాశారు: ప్రవచనం వింటూ ఉండగా బొమ్మ కొయ్యబారిపోతుంది, శాస్త్రులవారి మాట మాత్రం సాగుతూనే ఉంటుంది. చింతామణి నుంచి ఒక విద్యార్థి వ్రాశాడు: పాఠం వీడియో పదిహేను నిమిషాలు నడిచిన తరువాత కంప్యూటరంతా బిగుసుకొని పోతుంది, మౌసు కదలదు, మీట నొక్కితే పలకదు, చివరికి కరెంటు తీయవలసిందే. ముగ్గురూ అడిగిన ప్రశ్న ఒక్కటే. కొత్త పెట్టె కొనవలసినదేనా?

చాలామట్టుకు అక్కరలేదనే మా జవాబు. అయితే ఈ మూడూ ఒక జబ్బు కాదు, మందు కూడా ఒకటి కాదు. జబ్బు ఎక్కడున్నదో కనుక్కొనే పద్ధతి మాత్రం ఒకటే. దానిని మేము పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మా ఇంట జరిగిన ఒక సంగతి వలన, అదీ కొంచెంలో పెద్ద నష్టం తప్పిపోయిన తరువాత, నేర్చుకొన్నాము. ముందు అది చెబుతాము.

మా ఇంటి కంప్యూటరు 2014లో కొన్నది. 2023లో మా మేనల్లుడు తన ఫోనుతో మా అవ్వ చెప్పిన మాటలను నలభై నిమిషాలు వీడియో తీశాడు. అప్పటికి ఆమెకు తొంభై ఏళ్ళు. చిన్నప్పుడు ఊరి చెరువు నీళ్ళు ఎట్లా పంచుకొనేవారో, నీరుగంటి ఏ వేళకు తూము ఎత్తేవాడో, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదిలేవాడో వరుసగా చెప్పింది. ఆ మాటలు మన పల్లెల తెలుగులో ఉన్నవి. ఇప్పుడు కన్నడ బడులలో చదువుకొనే మా మనుమలకు వాటిలో సగం తెలియవు. మరుసటి ఏడు అవ్వ పోయింది. 2025లో సంవత్సరీకం నాడు మూడు ఊళ్ళ బంధువులు కూడిన వేళ, అందరికీ చూపిద్దామని ఆ వీడియో పెట్టాము. బొమ్మ తడబడి తడబడి ఐదు నిమిషాలు నడిచింది. అవ్వ నోరు ఒక తీరుగా, మాట ఒక తీరుగా పోయినవి. తరువాత అంతా బిగుసుకొన్నది. మళ్ళీ పెడితే మళ్ళీ అంతే.

మరునాడు పెట్టెను రిపేరు అంగడికి మోసుకొని పోయినాము. అక్కడి అబ్బాయి ఒకసారి చూసి, "ఫార్మాట్ కొట్టేస్తే సరి స్వామీ, గంటలో అయిపోతాది" అన్నాడు. మేము తల ఊపినాము కూడా. వెంట వచ్చిన మా కోడలు, "మామా, అవ్వ వీడియో ఇంకెక్కడన్నా ఉండాదా?" అని అడిగింది. అప్పుడు గుండె జల్లుమన్నది. మేనల్లుడి ఫోను ఆ పాటికే నీళ్ళ సంపులో పడి పాడైపోయింది. ఉన్న ప్రతి ఆ పెట్టెలోనిది ఒక్కటే. ఫార్మాట్ అంటే పలక తుడిచినట్లు డిస్కును తుడిచివేయడమని మాకు తెలియని సంగతి కాదు. ఆ నిమిషంలో తోచలేదు. ఆ అబ్బాయిని అనవలసినది కూడా ఏమీ లేదు. పెట్టె బాగుచేయమన్నాము, అతడు తనకు తెలిసిన దగ్గరిదారి చెప్పినాడు.

కనుక మొట్టమొదటి మాట ఇది. పరీక్షలన్నిటికీ ముందు, తిరిగి సంపాదించలేని వాటికి నకలు తీసుకోవలె. పెన్‌డ్రైవు ఒకటి, వేరే డిస్కు ఒకటి పెట్టి రెండింటిలోనూ దింపుకోవలె. పెద్ద ఫైలైతే ఒక చిక్కున్నది. పెన్‌డ్రైవులో చోటున్నా "పట్టదు" అని కంప్యూటరు మొరాయించవచ్చు. ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఉంటే నాలుగు గిగాబైట్లను మించిన ఫైలును అది తీసుకోదు. ఖాళీ పెన్‌డ్రైవును ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకొంటే పడుతుంది. నకలు తీసేటప్పుడే కంప్యూటరు మాటిమాటికీ ఆగిపోతున్నా, డిస్కులో టక్కుటక్కుమని చప్పుడు వస్తున్నా, జబ్బు బొమ్మది కాదు, డిస్కుదే. అప్పుడు ఇంకే ప్రయోగమూ చేయక కరెంటు తీసి, డిస్కులలోని సమాచారం తీసే పని తెలిసినవారికి ఇవ్వడం మంచిది.

అంగడిలోనే రెండు పెన్‌డ్రైవులలో అవ్వ వీడియోను దింపించి, పెట్టెను ఇంటికి తెచ్చుకొన్నాము. ఒక నకలును మా అబ్బాయి ఫోనులో పెట్టి చూస్తే చక్కగా నడిచింది. దానిలో అవ్వ మేనల్లుడితో అంటున్నది: "మడికి నీళ్ళు రాలేదంటే తూమును తిట్టేది కాదురా నాయనా. కాలవెంబడి ఎదురు నడిచి చూడల్ల. యాడ తడి ఉండాదో, యాడ లేదో. ఆ రెండిటి నడుమనే ఉంటాది గండి." మేము అడగబోయిన దానికి ఆమె రెండేళ్ళ క్రితమే జవాబు చెప్పి పెట్టింది.

వీడియో నడవడం కూడా నీటి పారుదల వంటిదే. డిస్కులోని ఫైలు చెరువు. దానిని విప్పే భాగం తూము. గ్రాఫిక్స్ భాగమూ, వైరూ కాలువ. తెర మడి. నీళ్ళు ఎంతో తెలిస్తే పని ఎంత కష్టమో తెలుస్తుంది. నేడు సామాన్యంగా తీసే వీడియోలో ఒక్క బొమ్మకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అంటే ఇరవై లక్షల పైచిలుకు. ఒక్కొక్క చుక్క రంగుకు మూడు బైట్లు. సెకనుకు 25 బొమ్మలు. లెక్క కడితే సెకనుకు సుమారు 155 మెగాబైట్లు. ఇంతా దాచిపెట్టడం కష్టం గనుక కుదించి దాస్తారు. ఒక బొమ్మను నిండుగా వ్రాసి, తరువాత వచ్చే బొమ్మలలో మారినంత మట్టుకే వ్రాస్తారు. గోడ మారలేదు, అవ్వ చెయ్యి కదిలింది. చెయ్యి సంగతి మాత్రమే వ్రాస్తారు. కొంతసేపటికి మళ్ళీ ఒక నిండు బొమ్మ. ఈ కుదింపు వలన 155 మెగాబైట్లు రెండు మెగాబైట్లకు దిగిరావచ్చు. చూసేటప్పుడు మాత్రం కంప్యూటరు ప్రతి సెకనూ ఆ మూటను విప్పి బొమ్మలను మళ్ళీ కట్టవలె.

ఇది తెలిస్తే గళ్ళ మర్మం కూడా తెలుస్తుంది. నడుమ కొంత సమాచారం చెడితే, దాని మీద ఆధారపడిన తరువాతి బొమ్మలన్నీ చెడుతవి. మళ్ళీ నిండు బొమ్మ వచ్చినప్పుడు తేటపడుతుంది. ఆకుపచ్చే ఎందుకంటే, వీడియోలో రంగును వెలుగుగా ఒకటి, రంగు తేడాలుగా రెండు, మొత్తం మూడు అంకెలుగా వ్రాస్తారు. ఆ మూడు చోట్లా సున్నాలు పడితే లెక్క ప్రకారం తేలే రంగు ఆకుపచ్చ. అంటే ఆ గడి ఖాళీగా ఉన్నదన్నమాట.

ఇక కాలువ వెంట ఎదురు నడుద్దాము. ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకొని, ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేసి, ఫలితం వ్రాసుకోవలె. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

మొదట, ఆగిన తీరు చూడవలె. బొమ్మ ఆగి మాట సాగుతూ ఉంటే కంప్యూటరు బ్రతికే ఉన్నది, బొమ్మ విప్పే చోటే చిక్కు. అంతా ఆగితే, కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీటను నొక్కి చూడండి. దాని దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపల ప్రాణం ఉన్నట్లు. అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే తెర ఒక్కసారి నల్లబడి గ్రాఫిక్స్ భాగం మళ్ళీ మొదలవుతుంది. దీనివలన ఫైళ్ళకు హాని లేదు. విండోస్ తనంతట తానే ఈ పని చేయడం కూడా కలదు. గ్రాఫిక్స్ భాగం రెండు సెకన్లు పలకకపోతే దానిని తట్టి లేపుతుంది. తెర ఊరికే నల్లబడి తిరిగి వస్తూ ఉంటే కారణం అదే కావచ్చును. దీపం కూడా మారక, మాట గరగరమని ఒకే ముక్క తిరుగుతూ ఉంటే యంత్రమంతా బిగుసుకొన్నది. అటువంటప్పుడు వేడినో, మెమరీనో, కరెంటునో అనుమానించవలె.

రెండవది, ఫైలును ఊరు మార్చి చూడవలె. ఆ వీడియోనే వేరే ఫోనులోనో, పక్కింటివారి కంప్యూటరులోనో పెట్టండి. అక్కడ కూడా అదే నిమిషంలో గళ్ళు పడితే ఫైలే చెడింది. వీడియో తీసినవారి వద్ద మంచి ప్రతి ఉన్నదేమో అడగవలె. అక్కడ బాగుంటే మీ యంత్రంలోనే గండి ఉన్నది. ఇంటర్నెట్టులో చూసేవి మాత్రమే ఆగుతూ, నడుమ ఒక చక్రం తిరుగుతూ ఉంటే, అది నీళ్ళకోసం కాచుకొని ఉండడమే గాని కాలువ తెగడం కాదు.

మూడవది, గళ్ళు కనబడుతున్న సమయంలో ప్రింట్ స్క్రీన్ మీటతో తెరను పట్టి, ఆ బొమ్మను మరొక ఫోనులో చూడవలె. అందులోనూ గళ్ళు ఉంటే తప్పు లోపలిది. అందులో శుభ్రంగా ఉండి తెర మీదనే గళ్ళుంటే తప్పు వైరుదో తెరదో. వైరు రెండు కొసలూ తీసి గట్టిగా పెట్టండి, వీలైతే మార్చండి. వీడియో ఉన్న చోటు ఒట్టి నలుపుగా వస్తే మాత్రం ఈ పరీక్ష చెల్లదు.

నాలుగవది, విప్పే పనిని చేతులు మార్చి చూడవలె. మామూలుగా ఆ పని గ్రాఫిక్స్ భాగంలోని ప్రత్యేకమైన అర చేస్తుంది. దానిని తప్పించి ఆ బరువును ప్రధాన ప్రాసెసరు మీద పెట్టవచ్చు. క్రోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్ అనే చోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అనే మీటను ఆపి, క్రోమ్‌ను మూసి తెరవండి. వీఎల్‌సీలో టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్ కోడెక్స్ అనే చోట హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ దగ్గర డిజేబుల్ పెట్టండి. ఇంతటితో గళ్ళు పోతే, తప్పు చాలావరకు గ్రాఫిక్స్ డ్రైవరుది. డ్రైవరంటే విండోస్ మాటను ఆ భాగానికి తెలియజెప్పే దుబాసీ. యంత్రం చేసిన కంపెనీవారి చోటు నుంచే కొత్త డ్రైవరు తెచ్చుకోవలె. కొత్త డ్రైవరు వచ్చిన తరువాతనే జబ్బు మొదలైతే, డివైస్ మేనేజరులో రోల్ బ్యాక్ అనే మీటతో పాతదానికి మరలవచ్చు. "మీ డ్రైవరు పాతబడింది" అని తెర మీద ఊరికే లేచి వచ్చే ప్రకటనలను మాత్రం ముట్టుకోవద్దు.

ఐదవది, కుదింపు కొత్తది, యంత్రం పాతది కావచ్చు. మా ఇంటి గండి ఇక్కడే దొరికింది. హెచ్ 264 అనే కుదింపు 2003 నాటిది. దాదాపు ప్రతి యంత్రానికీ తెలుసు. హెచ్ఈవీసీ అనేది 2013లో వచ్చింది. 2017 నుంచి ఐఫోనులు దానిలో వీడియో తీస్తున్నవి, తక్కిన ఫోనులు కూడా చాలా తీస్తున్నవి. ఇంటెల్‌వారి ప్రాసెసర్లలో దానిని విప్పే అర 2015 నాటి ఆరవ తరంతో స్థిరపడింది. ఏవీ 1 అనేది 2018 నాటిది. దాని అర 2020 నాటి పదకొండవ తరంతో వచ్చింది. మా పెట్టె 2014 నాటిది గదా! అవ్వ వీడియో హెచ్ఈవీసీలో ఉన్నది. విప్పే అర లేక ప్రాసెసరే అంతా మోసి, చెమటపట్టి, కూలబడింది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచితమైన సాధనంతో దానిని హెచ్ 264లోకి మార్చి మరొక ప్రతి చేసుకొన్నాము. మార్చడానికి ఆ ముసలి పెట్టె రాత్రంతా తీసుకొన్నది. తెల్లవారి పెడితే మొదటినుంచి చివరిదాకా నడిచింది. అసలు ఫైలును మాత్రం తీసివేయలేదు. మార్చినప్పుడల్లా కొంత వన్నె తగ్గుతుంది గనుక అసలును ఎప్పుడూ ఉంచుకోవలె.

ఆరవది వేడి. మన సీమలో ఎండ, దుమ్ము కొత్త కాదు. వీడియో పెట్టిన కొంతసేపటికే ఆగడం, మధ్యాహ్నం ఆగి తెల్లవారుజామున ఆగకపోవడం, ఫ్యాను రొద పెట్టడం, ఇవి వేడికి గుర్తులు. ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు 1903లో పూనా వద్ద ఖడక్‌వాస్లా జలాశయానికి, నీళ్ళు మట్టం మించితే తమంతట తామే తెరుచుకొనే తలుపులు అమర్చారు. ప్రాసెసరుకు కూడా అటువంటి కాపు ఉన్నది. వేడి మట్టం మించితే తనంతట తానే నెమ్మదిస్తుంది, ఇంకా మించితే ఆరిపోతుంది. మా పెట్టె మూత తీస్తే ఫ్యాను చుట్టూ దుమ్ము దూదిలాగ పట్టి ఉన్నది. శుభ్రం చేయడానికి ముందు కరెంటు తీగ ఊడదీయవలె. ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతోనూ గాలితోనూ దుమ్ము దులపవలె. తడిగుడ్డ పనికిరాదు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీదా బొంత మీదా పెట్టి చూడడం గాలి దారిని మూసివేయడమే. చెక్క పలక మీద పెట్టండి.

వేడిని చిన్నచూపు చూడరాదని చెప్పడానికి ఒక ఉదాహరణ. ఎన్‌విడియా కంపెనీవారి కొన్ని ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పులు వేడెక్కుతూ చల్లబడుతూ ఉండగా అడుగున ఉన్న అతుకులు బలం చాలక విడిపోయినవి. బాగుచేసే ఖర్చులకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు తీసి పెడుతున్నామని ఆ కంపెనీ 2008 జులైలో ప్రకటించింది. అటువంటి అతుకులు ఊడితే వీడియో పెట్టకముందే, కంప్యూటరు మొదలయ్యే తెర మీదనే గీతలూ గళ్ళూ కనబడుతవి. అది డ్రైవరుతో పోయే జబ్బు కాదు. ఇంట్లో చేయగలిగినదీ లేదు.

ఏడవది మెమరీ, కరెంటు. విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ అనే పరీక్ష కంప్యూటరులోనే ఉన్నది. వెదికి నడిపితే తప్పులుంటే చెబుతుంది. మెమరీ బిళ్ళలు వదులైతే, కరెంటు తీసిన తరువాత వాటిని ఊడదీసి, పసుపు లోహపు అంచులను పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి, గట్టిగా దిగగొట్టితే కొన్నిసార్లు సరిపోతుంది. మోటారు వేసిన వేళకే పెట్టె ఆగుతూ ఉంటే ఇంటి కరెంటు సంగతి చూడవలె.

ఇప్పుడు మన ముగ్గురికీ జవాబులు. చిక్కబళ్ళాపురం సోదరి ముందుగా పెళ్ళి వీడియోకు రెండు నకళ్ళు తీసి, ఒకటి వేరే యంత్రంలో చూడవలె. అక్కడ కూడా తలంబ్రాల దగ్గరే చెడితే ఫోటోగ్రాఫరును ఈ వారమే అడగండి. వారు పాతవాటిని ఎల్లకాలం ఉంచరు. బాగేపల్లి పెద్దాయన నాలుగవ పరీక్షతో మొదలుపెట్టవచ్చు. వారి జబ్బు విప్పే చోటుదిగా కనబడుతున్నది. చింతామణి విద్యార్థి మొదట మూత తీసి దుమ్ము చూడవలె. పరీక్షలు దగ్గరపడితే, దుమ్ము దులిపేదాకా వీడియోను 480 మట్టానికి తగ్గించి చూసుకొంటే బరువు తగ్గుతుంది.

కొత్తది కొనవలసిన సందర్భాలు లేకపోలేదు. విండోస్ 10కు ఉచితమైన మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. బొమ్మలు చూసుకొనేంత మట్టుకు ఆ యంత్రాలు పనికివస్తవి గాని, బ్యాంకు పనులకు వాటినే నమ్ముకోవడం మంచిది కాదు. అది వేరే లెక్క. బొమ్మ ఆగినంత మాత్రాన డబ్బు పారవేయవద్దని మా మాట. అంగడికి పోవలసివస్తే ఆ నోటుపుస్తకం వెంట తీసుకొని పొండి. ఏమేమి పరీక్షించారో చూస్తే పనివాడికి సగం శ్రమ తప్పుతుంది. "మేము చెప్పనిదే ఫార్మాట్ చేయవద్దు" అని ఒక చీటీ వ్రాసి పెట్టెకు అంటించండి. మేము ఇప్పుడు అట్లాగే చేస్తున్నాము.

చివరగా ఒక కోరిక. ప్రతి ఇంటా పెద్దలున్నారు, ప్రతి చేతిలోనూ ఫోనున్నది. వారి మాట పట్టి ఉంచండి. పట్టినదానిని ఒకేచోట ఉంచకండి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, అందులో ఒకటి వేరే ఊరిలో ఉంచమని తెలిసినవారు చెబుతారు. అవ్వ వీడియో ఇప్పుడు మా పెట్టెలో ఒకటి, బీరువాలోని డిస్కులో ఒకటి, చింతామణిలో మా ఆడపడుచు ఇంట ఒకటి ఉన్నది. మొన్న అందరమూ మళ్ళీ కూడి నలభై నిమిషాలూ చూశాము. చిన్న మనుమడు "తూము అంటే ఏంది తాతా?" అని అడిగినాడు. సాయంత్రం చెరువు కట్ట మీదికి తీసుకొని పోయి చూపించాము.

పాతబడిన సీడీలలో ఉన్న పెళ్ళి వీడియోలను ఎట్లా దింపుకోవలెనని ఇద్దరు అడిగినారు. అది వచ్చే నెల చూద్దాము.